పదహారు చక్రాల పొదుపు

ఆ లారీ ముందు చక్రాలు పత్తికొండ చేరేసరికి వెనక చక్రాలు ఇంకా మా ఊరి పొలిమేరలోనే ఉంటాయట. ఈ సంగతి మా పక్కింటి హులిగెమ్మకు ఆమె తోటికోడలు చెప్పిందట. తోటికోడలికి రోడ్డు మీది టీ అంగడాయన చెప్పాడట. ఆయనకు ఎవరు చెప్పారో మాత్రం ఆయనకే గుర్తు లేదట. హులిగెమ్మ చెప్పిన మాటలో సగానికి సగం కొట్టేయడం మా వీధి ఆచారం. ఈసారి సగం కొట్టేసినా పదహారు చక్రాలు మిగిలాయి.

గుట్టకిందిపల్లె రైతుల ఉమ్మడి రవాణా సంఘం ఈ విధంగా ఉనికిలోకి వచ్చిందని పాఠక మహాశయులకు సవినయంగా మనవి చేస్తున్నాను.

అంతకుముందు మా ఊరు ఎంత వెనకబడి ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పొద్దున తెంపిన టమాటా మధ్యాహ్నానికి జోసెఫ్ ట్రాలీ ఆటో ఎక్కేది. ముప్పై గంపలు కాగానే జోసెఫ్ కిక్కు కొట్టేవాడు. ముక్కాలు గంటలో పత్తికొండ మార్కెట్టు. గంపకు ఇరవై రూపాయలు బాడుగ. కాయ ఎర్రగా, గట్టిగా, చెట్టు మీద ఉన్నట్టే దిగేది. కొనేవాళ్లు ఎగబడి కొనేవారు. ఈ దుస్థితి ఏళ్ల తరబడి సాగింది, అడిగే నాథుడు లేక.

అడిగే నాథుడు ఉమామహేశ్వర రూపంలో వచ్చాడు. ఆయన కడపలో డిగ్రీ చదివి, కాంట్రాక్టు పనులు చేసి, వాటిలో అనుభవం గడించి, అనుభవం తప్ప మరేమీ మిగలక ఊరు చేరినవాడు. కర్నూలులో ఒకరోజు శిక్షణ శిబిరం జరిగితే మా తరఫున ఆయనే పోయాడు. వచ్చేటప్పుడు ఒక సంచీ, ఒక పెన్ను, ఒక సూత్రం తెచ్చాడు. సంచీ వాళ్లావిడ తీసుకుంది, పెన్ను రాయలేదు. సూత్రాన్ని మాత్రం ఊరికి అంకితం చేశాడు. సూత్రం ఏమిటంటే, బండి పెద్దదయ్యే కొద్దీ ఖర్చు చిన్నదవుతుంది.

"సోదర సోదరీమణులారా!" అన్నాడాయన రచ్చకట్ట మీద మైకు పట్టుకుని. "ముప్పై గంపలు మోసే ఆటోకు ఒక డ్రైవరు. వెయ్యి గంపలు మోసే లారీకి ఎందరు? ఒక్కడే! గంపకు ఇరవై రూపాయల బాడుగ ఏడు రూపాయలకు దిగుతుంది. చిన్న బండి మన దరిద్రానికి చిహ్నం. పెద్ద బండి మన భవిష్యత్తుకు సంకేతం!"

ముందు వరుసలో కూర్చున్న లక్ష్మన్నకు ఒక సందేహం వచ్చింది. "ఏమప్పా, మన ఊర్లో రోజుకు తెంపేది నూటడెబ్బై గంపలే గదా. వెయ్యి యాడ్నుంచి తెస్తావు?"

"లక్ష్మన్నా, నువ్వు నిన్నట్నుంచి ఆలోచిస్తాండావు. దేశం రేపట్నుంచి ఆలోచిస్తాంది."

ఈ జవాబు ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి చప్పట్లు చాలాసేపు మోగాయి. తీర్మానం ఏకగ్రీవం, సంఘానికి అధ్యక్షుడు ఉమామహేశ్వరే. ఆటోలో సరుకు వేయరాదని ఒక నిబంధన, నిండని లారీ కదలరాదని మరో నిబంధన. కాటా చీటీలో ఇరవై అయిదు టన్నులు చూపిస్తేనే ప్రభుత్వ సాయం వస్తుందని ఉమామహేశ్వర వివరించాడు. అందరం సంతకాలు చేశాం.

లారీ వచ్చింది. మా ఊరి దారిలో తిరగదని తేలింది. తప్పు దారిది కాబట్టి లారీని మూడు కిలోమీటర్ల అవతల పెద్దరోడ్డు మీద నిలిపారు. గంపలు అక్కడిదాకా చేరాలి కదా? అందుకు సంఘం ఒక ఆటోను నెల జీతానికి కుదుర్చుకుంది. ఆటో జోసెఫ్‌దే. దరిద్రానికి చిహ్నమైన ఆ బండి, భవిష్యత్తుకు సంకేతమైన బండికి సరుకు మోయసాగింది.

మొదటి ట్రిప్పు నిండడానికి ఆరు రోజులు పట్టింది. ఏడో రోజు పత్తికొండలో టార్పాలిన్ విప్పితే లారీ నాలుగు పక్కల నుంచీ ఎర్రటి రసం కారింది. రాయలసీమలో రోడ్డు మీద ఎర్రటి ధార కనిపిస్తే జనం రెండో మాట అడగకుండా షట్టర్లు దించుకుంటారు. మార్కెట్టు గంటసేపు మూతపడింది. బాడుగ మాత్రం గంపకు ఏడు రూపాయలే పడిందని సంఘం నోటీసు బోర్డు మీద రంగు సుద్దముక్కలతో రాశారు. ఇంకేమీ రాయలేదు.

మా ఊరివాళ్లు తెలివిగలవాళ్లు. ఒక ట్రిప్పుతోనే నేర్చుకున్నారు. లారీ తప్పని ఎవరూ అనలేదు. ఏకగ్రీవంగా చేసిన తీర్మానాన్ని తప్పంటే ఏకగ్రీవంగా మనకు బుద్ధి లేదన్నట్టే కదా. పైగా ఉమామహేశ్వరకు కోపం వస్తే కాలువ పూడికతీత పనుల్లో పేరు ఉండదు. అందువల్ల ఎవరి దారి వాళ్లు, అంటే అందరూ ఒకే దారి చూసుకున్నారు. మిట్టమధ్యాహ్నం, కుక్కలు కూడా అరుగుల కింద దూరే వేళ, గుట్ట వెనక వంకదారిన జోసెఫ్ ఆటో పోతుంది. పైన పశువుల మేతకని శెనక్కట్టె, అంటే ఎండిన వేరుశెనగ మొక్కలు. కట్టె కింద టమాటా. బాడుగ గంపకు ముప్పై, ఎందుకంటే ఇప్పుడది దొంగ రవాణా. అధ్యక్షులవారి ఇంటి నుంచి రోజూ ఇరవై గంపలు ఆ కట్టె కిందే పోయేవి. దాచడమెందుకు, మా ఇంటివి పన్నెండు.

మరి లారీ నిండేదెట్లా? అక్కడే మా ఊరి ప్రతిభ బయటపడింది. కాటాకు కావలసింది బరువు. కాటా మిషనుకు టమాటాకూ రాయికీ తేడా తెలియదు. దేవుడు మా సీమకు వాన ఇవ్వడంలో చూపిన పొదుపు రాళ్లు ఇవ్వడంలో చూపలేదు. ఒకరి చేలో పనికి ఇంకొకరు బదులు పోయే ముయ్యాళ్ల పద్ధతి మాకు తాతల నాటిది. దాన్నే రాళ్లకు వర్తింపజేశాం. ఈరోజు ఈ ఇంటివాళ్లు, రేపు ఆ ఇంటివాళ్లు, గంపల్లో రాళ్లెత్తి జోసెఫ్ ఆటోలో పెద్దరోడ్డుకు పంపేవారు. లారీ రెండు రోజులకొకసారి కదలసాగింది. వెయ్యి గంపలు, ఇరవై అయిదు టన్నులు, గంపకు ఏడు రూపాయలు.

నెల తిరిగేసరికి ఊరి చుట్టూ చేతికందే రాళ్లు అయిపోయాయి. చేలు శుభ్రపడ్డాయి. పత్తికొండ అవతల ఖాళీ జాగాలో మాత్రం ఒక చిన్న గుట్ట లేచింది. ఉమామహేశ్వర ఆ గుట్ట కేసి ఒక పూట చూసి, అసలు విషయం పట్టుకున్నాడు. లారీ తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా వస్తోంది! ఖాళీ బండి నడపడం జాతికి నష్టం. కాబట్టి రాళ్లను తిరిగి ఎత్తుకొచ్చే ఏర్పాటు జరిగింది. పోయేటప్పుడు వెయ్యి, వచ్చేటప్పుడు వెయ్యి. గంపకు ఖర్చు మూడున్నరకు పడిపోయింది. మా ఊరి రాళ్లలో కొన్ని ఆ సీజనులో పత్తికొండను నాకంటే ఎక్కువసార్లు చూశాయి.

పొదుపు అంటువ్యాధి. సూదులేసే డాక్టరు మందు సీసా మూత ఊరికే తీయడం దండగని, పదిమందికి ఒకే రకం జ్వరం వచ్చేదాకా ఆగమన్నాడు. తొమ్మిదిమంది పదోవాడి కోసం ఎదురుచూస్తూ అరుగు మీద కూర్చునేవారు, వచ్చేపోయేవాళ్ల నుదుళ్లు ఆశగా తాకి చూసేవారు. అయిదు పెళ్లిళ్లు కుదిరితేగానీ మంత్రం అందుకోనని అయ్యవారు కబురు పెట్టాడు. కాటికి పోయే బండి విషయంలోనూ చర్చ జరిగింది. అది నిండేదాకా ముందుగా ఎక్కి ఎవరు పడుకోవాలో తేలక వాయిదా పడింది.

ఇక తిమ్మమ్మ సంగతి.

తిమ్మమ్మ చేను గుట్టకు అవతల. ఎకరన్నర. ఊరందరికంటే ఆలస్యంగా నారు నాటింది కాబట్టి మొదటి ట్రిప్పు నాటికి ఆమెది ఇంకా పూత. రెండు నెలలు చేనే ఇల్లుగా ఉంది. ఊరి సంగతులు ఆమెకు నోటీసు బోర్డు మీది అంకెల దాకానే తెలుసు. బోరులో నీళ్లు బొటనవేలంత లావు వస్తున్నాయి. మొదటి కోత అరవై గంపలు తేలింది. రెండో కోతకు నీళ్లు ఉండవు. ఈ అరవై గంపలు మంచి ధరకు పోతే బోరు ఇంకో వందడుగులు దించుకుంటుంది. పోకపోతే చేను బీడు పెట్టి, మిరపకోతల కోసం గుంటూరు వైపు సుగ్గికి, అదే కూలి వలసకు, పోవాలి. నిరుడు పోయింది. ఈసారి పోనని ఇంటి దేవరకు మొక్కుకుంది.

ఆమె అదృష్టం కొద్దీ ఆ వారమే ధర లేచింది. మదనపల్లె వైపు వానలకు తోటలు దెబ్బతిన్నాయని పత్తికొండలో గంప ఎనిమిదివందలు పలికింది. జోసెఫ్ స్వయంగా చేనుకు పోయి అడిగాడు.

"అక్కా, నా బండ్లో ఎయ్యి. పైన కట్టె పరుస్తా. ఎవురికీ తెలీదు."

"తప్పు గదప్పా! అందరితో పాటు సంతకం పెట్టినా. అందరికీ ఒక మాట, నాకొక మాట ఉంటాదా?"

జోసెఫ్ చెప్పబోయి ఆగిపోయాడట. చెబితే ఊరందరి బేరం పోతుంది, తన నెల జీతం కూడా పోతుంది. "నీ ఇష్టమక్కా" అని వచ్చేశాడు.

సోమవారం అరవై గంపలూ లారీ ఎక్కాయి. వాటి పక్కన, పైన గోనెలు కప్పిన నాలుగువందల గంపల రాళ్లు. ఇంకా అయిదువందల నలభై రావాలి. రాలేదు. ధర లేచిన వారంలో రాళ్లెత్తడానికి ఎవరికి తీరిక? ఊరు ఊరంతా తెల్లారకముందే చేలో దిగి, తెంపింది తెంపినట్టు కట్టె కింద పంపుతోంది. టమాటా బాగా అమ్ముడుపోయే కొద్దీ మా టమాటా లారీ కదలడం కష్టమైంది.

తిమ్మమ్మ రోజూ మూడు కిలోమీటర్లు నడిచిపోయి లారీ దగ్గర నిలబడేది. లోడింగు మేనేజరు ఓబుళేశు లారీ నీడలో మంచం వేసుకుని ఉండేవాడు.

"ఏమప్పా ఓబుళేశూ, ఇంకా ఈడ్నే ఉండాదే?"

"నిండల్యా అక్కా."

"కాయ మెత్తబడ్తాంది. చూడు, ఏలు పెడితే దిగిపోతాంది."

"మెత్తబడినా బరువు తగ్గదులేక్కా, దిగులు పడొద్దు."

"పోనీ, దించియ్యి. నెత్తిన పెట్టుకోని పోతా."

"రాసుకున్న సరుకు దించేకి తీర్మానం కావల్ల. అధ్యక్షులు ఊర్లో లేడు."

అధ్యక్షులు పత్తికొండలో ఉన్నాడు. తన ఇరవై గంపల వేలం చూసుకుంటున్నాడు.

శుక్రవారానికి ఎవరో జాలిపడి మిగతా రాళ్లు వేశారు. శనివారం లారీ కదిలింది. అప్పటికి ధర దిగింది, తిమ్మమ్మ కాయలు ఎలాగూ ఏ ధరకూ పోయే స్థితిలో లేవు. మార్కెట్టులో దించనియ్యలేదు. తిరుగు ప్రయాణంలో బరువు తగ్గరాదు కాబట్టి ఆ అరవై గంపలూ అలాగే వెనక్కి వచ్చాయి. ఆ ట్రిప్పులో గంపకు ఖర్చు మూడు రూపాయల నలభై పైసలు. ఇది రికార్డు.

రికార్డు సంగతి పైకి చేరింది. తరువాతి బుధవారం పెద్దరోడ్డు మీదే, లారీ పక్కనే, షామియానా వేశారు. కర్నూలు నుంచి ఒక పెద్ద అధికారి వచ్చారు. ఉమామహేశ్వరకు శాలువా, లారీకి పూలదండ. బల్ల మీద ప్రతి ఇంటి నుంచీ తెచ్చిన కాయలు పేర్చారు, ఒక్కొక్కటి దేవుడి ముందు పెట్టేంత అందంగా. అధికారి ఒక కాయ కొరికి, కళ్లు మూసుకుని, మాట్లాడారు.

"ఇంత తాజా సరుకును ఇంత తక్కువ ఖర్చుతో చేర్చడం ఒక అద్భుతం! వ్యక్తి చిన్నవాడు, సమష్టి పెద్దది! గుట్టకిందిపల్లె రైతు తన స్వార్థాన్ని పక్కన పెట్టి పెద్ద బండి ఎక్కాడు. దేశమంతా ఈ బండి ఎక్కాలి!"

మేమందరం చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టాం.

సుగ్గికి పోయే జీపు ఆగేది కూడా అక్కడే. తిమ్మమ్మ గిన్నెలు కట్టిన మూటతో, చుట్టిన చాపతో షామియానా అంచున నిలబడి ఉంది. ఆమె వెనక, లారీలోంచి దించి పారేసిన అరవై గంపల మీద ఈగలు ముసిరి ఉన్నాయి. కార్యకర్తలు వాటికి అడ్డంగా బ్యానర్ కట్టారు గానీ, వాసనకు బ్యానర్ అడ్డం కాదు. అధికారి ముక్కు ఎగబీల్చి, అటు నడిచి, బ్యానర్ ఎత్తి చూశారు.

"ఇవెవరివి?"

"నాయి సారూ" అంది తిమ్మమ్మ.

అధికారి బల్ల మీది కాయల కేసి చూశారు, గంపల కేసి చూశారు. మంచి మనిషే, గొంతులో మందలింపు కంటే బాధే ఎక్కువ ఉంది. మైకు ఇంకా చేతిలోనే ఉండడంతో మాట అందరికీ వినిపించింది.

"చూడమ్మా, ఊరందరి కాయలూ బంగారంలా ఉన్నాయి. నీ ఒక్కదానివే ఎందుకు ఇలా అయ్యాయి? మీ ఊరి బండి మీద నమ్మకం లేకపోయిందా?"

తిమ్మమ్మ మూట చంకకెత్తుకుంది.

"చప్పట్లు అందరూ కొట్టినారు సారూ. నమ్మింది నేనొక్కదాన్నే."