ఎర్ర రంగు పాఠం

ఆ రోజు పొద్దున కుసుమ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఒకటో తరగతికి రంగులు నేర్పాలి, చూడ్డానికొచ్చే లెక్చరరు చేత బాగుందనిపించుకోవాలి, మధ్యాహ్నం బస్సుకు ప్రొద్దుటూరు చేరుకోవాలి. టీచరు ట్రైనింగులో ఇదే ఆఖరి పాఠం. పోయినసారి చార్టు పట్టుకుని చెబితే లెక్చరరు ఉదయ్ కుమార్ "బొమ్మలు కాదమ్మా, నిజం వస్తువులు చూపియ్యల్ల" అని ఫెయిలు చేశాడు. ఈసారీ తప్పితే ఇంకో ఏడాది అదే కాలేజీ, అదే బెంచీ.

రాజుపాలెం పక్క పల్లెలో నిజం వస్తువులంటే ఏముంటాయి? గొర్రెలే. ఒకటో తరగతి నాగలత వాళ్ల అవ్వ సంజీవమ్మ దొడ్డి బడి వెనకే ఉంది. టీచరు అడిగిందే తడవు, ఆ పిల్ల అవ్వకు మాటైనా చెప్పకుండా నాలుగు గొర్రెపిల్లల్ని తోలుకొచ్చింది. తలా ఒక రంగు పూయించాలని కుసుమ ఆలోచన. పిల్లలకు మాత్రం ఎరుపే కావలసి వచ్చింది. "నాకు, నాకు" అంటూ ఒకరి మీద ఒకరు పడి, డబ్బాలో చేతులు ముంచి, నాలుగింటికీ వీపు మీద ఎరుపే పట్టించారు.

కుసుమది టౌను, పాపం ఆమెకేం తెలుసు? ఆ ఊళ్లో గొర్రె వీపు మీది రంగే దాని ఆధార్ కార్డు. ఎరుపు లక్ష్మయ్యది, నీలం సంజీవమ్మది. ఈ గొర్రెపిల్లలకింకా ఏ రంగూ పడలేదు.

బడి ముందు పోతున్న లక్ష్మయ్య లోపలికి తొంగి చూశాడు. "నా గొర్రెపిల్లలు ఈడేం చేస్తాండాయి?" అంటూ నాలుగింటినీ బయటికి తోలాడు. అంతలో దొడ్డి ఖాళీగా ఉండడం చూసి సంజీవమ్మ పరిగెత్తుకొచ్చింది.

"నా పిల్లల్ని యాడికి తోలకపోతాండావప్పా?"

"నీవా? ఎర్ర గుర్తు కండ్లకు కనపడల్యా?"

"అంటే నేను దొంగనా? నీ నోట్లో మన్ను పడ!"

"పెద్దాయనా, ఆ రంగు నేనే పూయించినా" అని కుసుమ మధ్యలో దూరింది.

"నువ్వుండుమ్మా! దొంగతనం చేసినామెను ఎనకేసుకొస్తాండావా?"

సరిగ్గా అప్పుడే ఉదయ్ కుమార్ సారు షేర్ ఆటో దిగాడు. ఒక గొర్రెపిల్ల ఆయన కాళ్ల మధ్య దూరి పోయింది. కుసుమకు ఏడుపొక్కటే తక్కువ. ఏడాది పోయినట్టే అనుకుంది.

"ఏందిమ్మా ఇది? బడా, సంతా?"

"రంగుల పాఠం సార్."

"ఔనా?" అని ఆయన పిల్లల వైపు తిరిగాడు. "యాడ, ఎరుపు రంగు చూపియ్యండి చూద్దాం."

పిల్లలందరూ ఒక్కసారిగా అరచేతులు పైకెత్తారు. మోచేతుల దాకా ఎరుపే.

లక్ష్మయ్య ఆ చేతులు చూశాడు. గొర్రెపిల్లల వీపుల మీది బుల్లి వేళ్ల అచ్చులు చూశాడు. "ఓరి మీ అసాధ్యం కూలా!" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "తప్పయిపాయలే సంజీవమ్మా, తోలకపో."

సారు మాత్రం మురిసిపోయాడు. నిజం వస్తువులున్నాయి, ఊరి పెద్దలొచ్చారు, జవాబు ఒక్కరూ తప్పు చెప్పలేదు. కుసుమ పాసు. "పాఠమంటే ఇట్ల చెప్పల్ల! వచ్చే వారం మా ట్రైనింగు పిల్లలందర్నీ ఈడికే పిల్చకొస్తా. ఒక్కొక్కరికీ నాలుగు గొర్రెపిల్లలు చూడండప్పా" అన్నాడు.

ఆ సాయంత్రమే లక్ష్మయ్య తన మందను చెన్నూరు దిక్కుకు తోలుకుపోయాడు.