మూడు అడవుల ఆకాశపు కన్ను

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టాను కానీ, నిజానికి అడవులు మూడు. ఏది ముందు జరిగిందో ఏది తరవాతో నాకు తారుమారు కావచ్చు. జరిగింది మాత్రం ఇదే.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. నడి అడవిలో చుక్కమ్మ అనే దుప్పి తాగే వాగు ఇసుక తేలింది. దాని పిల్లలిద్దరూ రెండు రోజులుగా తడి ఇసుక నాకుతున్నారు.

"నీళ్లెక్కడున్నాయో చెప్పు బాబాయ్, అక్కడికే నడిచిపోతాం," అని అది అడవి పెద్ద అయిన ఎలుగుబంటి జాంబయ్య దగ్గర మొరపెట్టుకుంది.

జాంబయ్యకు సభలంటే తేనెకన్నా ఇష్టం. "పైనుంచి నేలంతా చూస్తే తెలిసిపోదూ! కానీ ఇది ఒక్క అడవి వల్ల అయ్యే పని కాదు," అని కొండ అడవి నుంచి ఏనుగు ఐరావతమ్మను, ఏటి అడవి నుంచి మొసలి వీర్రాజును పిలిపించాడు.

ఒప్పందం కుదిరింది. కొండ అడవి గద్దను ఇస్తుంది. ఏటి అడవి బుట్ట అల్లిస్తుంది. నడి అడవి ఆ బుట్టలో ఊసరవెల్లి రంగనాయకిని కూర్చోబెడుతుంది. కింద ఏ రంగు కనబడితే ఆ రంగు దాని వీపుమీద తేలుతుంది. దిగిరాగానే వీపు చూసుకుంటే మూడు అడవుల పటం!

బుట్టకు ఎవరి జెండా కట్టాలని పదకొండు సభలు జరిగాయి. చివరికి మూడూ కట్టారు. ఆ బరువుకు గద్ద మూరెడు లేచి ముళ్లపొదలో పడింది.

జెండాలు విప్పి మళ్లీ ఎగరేశారు. రంగనాయకి వీపంతా నీలంగా దిగింది.

"సముద్రం దొరికింది!" అని వీర్రాజు తోకమీద గంతేశాడు.

"సముద్రం కాదండీ, ఆకాశం," అంది రంగనాయకి. "కిందికి చూడాలని ఒప్పందంలో ఎక్కడా లేదు. వెల్లకిలా పడుకున్నా."

ఆ ఒక్క మాట చేర్చడానికి ఇంకో మూడు సభలు. అప్పుడు పట్టాయి పెద్దలకు చెమటలు. కిందికి చూస్తే అన్నీ కనబడతాయి కదా!

"అన్నయ్యా, మా కొండ వెనక మడుగొకటుంది. అది పటంలో పడకూడదు. భద్రత!" అని ఐరావతమ్మ గుసగుసలాడింది.

"మా ఏటి వంపు కూడా. అదీ భద్రతే," అన్నాడు వీర్రాజు.

జాంబయ్య అటూ ఇటూ చూశాడు. "నా తేనెపట్ల కింద చిన్న ఊట ఉందిలే. భద్రతలో అదీ కలిపేద్దాం."

ఆ మూడు చోట్లా నల్లబడాలని రంగనాయకికి ఆజ్ఞ అయింది.

"ఎంత నల్లగా అండీ?"

"కాకి సిగ్గుపడేంత!"

మూడోసారి గద్ద దిగేసరికి అడవంతా చూడటానికి వచ్చింది. రంగనాయకి వీపుమీద ఎండుగడ్డి రంగు, ఇసుక రంగు, మధ్యమధ్య బొగ్గులాంటి గుండ్రటి మచ్చలు మూడు.

"చూశారుగా, ఎక్కడా చుక్క నీరు లేదు. అయినా మన సహకారం ఘనవిజయం! చప్పట్లు!" అన్నాడు జాంబయ్య.

చుక్కమ్మ మెడ చాచింది. "ఈ నల్లటివేంటి బాబాయ్?"

"భద్రతా కారణాలు."

"ఇసుకకూ గడ్డికీ లేని భద్రత వీటికెందుకొచ్చింది?"

జాంబయ్య దగ్గాడు. ఐరావతమ్మ ఆకాశంకేసి చూసింది.

"సరేలే. మాకు దగ్గర్లో ఉన్న కారణం ఏది?"

రంగనాయకి తోక దానంతటదే తేనెపట్ల వైపు తిరిగింది.

సభ ముగిసిందని చెప్పేలోపే దుప్పుల మందంతా అటు పరుగు తీసింది. జాంబయ్య రొప్పుతూ వెళ్లేసరికి పిల్లలిద్దరూ మూతులు ముంచి, పొట్టలు కుండల్లా అయ్యేదాకా తాగుతున్నారు.

"ఇది రహస్య ప్రదేశం!" అని అరిచాడు.

"తెలుసు బాబాయ్, అందుకేగా ఇంత తొందరగా దొరికింది," అంది చుక్కమ్మ. "ఆయాసపడుతున్నావు, నువ్వూ రెండు గుక్కలు తాగు."

మర్నాటికి మిగతా రెండు నల్లమచ్చల దగ్గరా జనం బారులు తీరారు.

ఇందులో నీతి: పటంలో నీళ్లు కావాలంటే గీసినచోట కాదు, చెరిపినచోట వెతకాలి.

అమ్మాయ్ వైదేహీ, నేను చెబుతుంటే మీ అత్త ఈ కథలో పేర్లన్నీ సరిగ్గా రాసిందో లేదో ఒకసారి చూడవే. తప్పుంటే పక్కన రాయి, నల్లగా కొట్టెయ్యకు.