మ.మ.-5 పండుకున్నది

ఆ మంగళవారం పొద్దున సిద్దిరాములు పెట్టుకున్న పనులు రెండే. బజారుకు పోయి, బాగుచేయడానికి ఇచ్చిన కళ్ళద్దాలు తెచ్చుకోవాలి. వచ్చేటప్పుడు అరకిలో మటన్ తేవాలి. మెట్‌పల్లి శివారులో ఇరవై నాలుగు సాంచలున్న నేతకారుల సంఘానికి ఆయన కార్యదర్శి. అదేమంత గొప్ప పదవి కాదు. ఫోను మోగితే ఎత్తాలి, ఎత్తినందుకు తిట్లు తినాలి, అంతే.

సాంచ అంటే కరెంటుతో నడిచే మగ్గం. కాగితాల మీద దాన్ని మరమగ్గం అంటారు. ఆ షెడ్డులో పనిచేసే వాళ్ళెవరూ ఆ మాట అన్న పాపాన పోలేదు. పై ఆఫీసులో వాళ్ళు సాంచ అన్న పాపాన పోలేదు. ఈ కథంతా ఆ రెండు మాటల మధ్య సందులో జరిగింది.

చెప్పుల్లో కాలు పెడుతుండగా ఫోను టింగుమంది. అద్దాలు లేకపోతే సిద్దిరాములుకు అక్షరాలన్నీ చీమలే. ఫోను తీసుకెళ్ళి నూలు కండెలు చుట్టే కమలవ్వ చేతిలో పెట్టాడు. కమలవ్వ ఏడో తరగతి దాకా చదివింది. ఆ సంగతి రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి చెబుతుంది.

“‘మీ సంఘములో గల మ.మ.ల చరిత్ర, నమూనాలు, ఒక్కొక్క నమూనా ఎత్తు, బరువు, వేగము, నడుపువారి సంఖ్య నేడు పదకొండు గంటలలోగా పంపవలెను. పంపనిచో స్కూలు యూనిఫాం బట్ట ఆర్డరు వేరొక సంఘమునకు ఇవ్వబడును.’ గంతే ఉన్నది తమ్మీ.”

సిద్దిరాములు చెప్పులు విడిచేశాడు. ఆ ఆర్డరు కోసం సంఘం మూడు నెలలుగా ఎదురుచూస్తోంది. వస్తే ఏడాదంతా సాంచలు ఆడతాయి. రాకపోతే వచ్చే నెల షెడ్డుకు తాళం పడుతుంది, ముప్పై ఇళ్ళ వాళ్ళు మూటలు కట్టుకొని బతుకుదెరువుకు భివండి బస్సెక్కాలి.

“మ.మ. అంటే ఏందక్కా?”

“మటన్ మసాల.”

“మటన్ మసాలకు ఎత్తెక్కడిది?”

“అయితే మంచి మనుషులు కావచ్చు. బరువు రాయమన్నడు గద.”

“మంచి మనుషుల వేగం ఎవలన్న కొలుస్తరా అక్కా!”

ఆఫీసుకు ఫోను చేసి అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ కార్యదర్శికే మ.మ. అంటే తెలియదని బయటపడితే పరువేం కాను? ఆయన అట్లా తల గోక్కుంటూ ఉండగా మూడో వరుస సాంచ కింది నుంచి ఒక గొంతు వినిపించింది.

“మర మనిషి.”

ఒళ్ళంతా నూనె మరకలతో పరశురాములు పాక్కుంటూ బయటికి వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ షెడ్డులో సాంచలు బాగుచేసే మెకానిక్ అతనే. సాంచల చప్పుడులో ఎట్లాగూ వినిపించదని మాట్లాడడం ఎప్పుడో మానుకున్నాడు. అట్లాంటి మనిషి కళ్ళలో ఆ రోజు నీళ్ళు తిరిగాయి.

“మ.మ. అంటే మర మనిషి. సర్కారుకు ఎట్ల తెల్సింది తమ్మీ?”

“ఏం తెల్సుడన్నా?”

పరశురాములు మళ్ళీ సాంచ కిందికి వంగాడు. పానాల పెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన ఒక పొడుగాటి నోటుపుస్తకం తీశాడు. అట్ట మీద ఎర్ర సిరాతో ‘మ.మ. చరిత్ర, నమూనాలు’ అని ఉందని కమలవ్వ చదివి చెప్పింది.

సిద్దిరాములుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మర అంటే సాంచ. మనిషి అంటే దాన్ని నడిపేవాడు. ఇంత సులువైన సంగతికి ఇంతసేపు పరేషాన్ అయ్యానే అనుకున్నాడు. అయినా కార్యదర్శి కాబట్టి, మొదటి పేజీ చదివి వినిపించమన్నాడు.

పరశురాములు గొంతు సవరించుకున్నాడు. “‘మ.మ.-1. మొట్టమొదటి నమూనా. దీనికి ఒకటే చేయి. నడుపువాడు లోపలి గుంటలో కూర్చొనవలెను. నిమిషానికి నలభై దెబ్బలు. చప్పుడెక్కువ.’”

అచ్చంగా గుంట మగ్గమే! తాతల కాలంలో నేతగాళ్ళు నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చొనే కదా నేసింది. “పొల్లు పోకుంట రాసినవన్నా!” అని సిద్దిరాములు అతని భుజం తట్టాడు. టైము మించిపోతోందని, ఏముందో చూడకుండానే కమలవ్వ పేజీలన్నింటికీ ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. పదకొండు పేజీలయ్యాక ఫోనులో జాగ లేదంది. ఉన్నంతవరకు పంపేశారు.

పదకొండూ పదికి ఫోను వచ్చింది.

“సిద్దిరాములు గారా? నేను ఓంప్రకాశ్, ఇన్‌స్పెక్షన్ ఆఫీసర్ను. మీ మ.మ.ల కాగితాలు చదువుతున్న.”

“నమస్తే సార్.”

“మ.మ.-2కు తలుపు వీపు దిక్కు పెట్టిన్రట. వెల్లకిల పడితే లోపలోళ్ళు బయటికి రాలేకపోయిన్రట. నిజమేనా?”

సిద్దిరాములుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాలేదంటే ఆర్డరు పోతుందని భయం. “అవ్ సార్. గా ఇబ్బంది జర ఉండె.”

“మ.మ.-3 గోదావరిల మునిగిందని ఉన్నది.”

“వానకాలం సార్.”

“మ.మ.-4 బరువు తగ్గించినందుకు గాలికి ఆదిలాబాద్ దాక కొట్టుకపోయిందట?”

“అవ్ సార్. ఆ యేడు గాలి బాగుండె.”

“మ.మ.-5 ఎత్తు అరవై ఫీట్లు అని రాసిన్రు. మీ షెడ్డు ఎత్తెంత?”

“పద్దెనిమిది సార్.”

“మరి ఎట్ల పడుతది?”

“వంగి ఉంటది సార్.”

అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఆఫీసరుకు బాగా దగ్గు వచ్చింది. “శత్రువు మీద మసిలే నూనె పోస్తదని కూడ రాసిన్రు. శత్రువెవరు?”

“ఎవలన్న ఉంటరు సార్. మేమైతే ఎవలి జోలికి పోం.”

“సరే. మూడు గంటలకు నేనే వస్తున్న. మ.మ.-5ను కండ్లార చూడాలె. ఆర్డరు సంగతి ఆ తర్వాత.”

సిద్దిరాములు బజారుకు పరుగెత్తాడు. అద్దాలు పెట్టుకొని వచ్చి, షెడ్డు గడప మీద కూర్చొని నోటుపుస్తకం తెరిచాడు. ఐదో పేజీలో బొమ్మ ఉంది. మర్రి ఊడల్లాంటి చేతులు, డబ్బా తల, చేతిలో ఫిరంగి. కింద ఇట్లా రాసి ఉంది:

‘మ.మ.-5. యుద్ధములో వాడుటకు. నడుపువారు ఆరుగురు. చేతులకు ఇద్దరు, కాళ్ళకు ఇద్దరు, తలలో ఒకరు. ఆరవవాడు చాయ్ అందించుటకు. గమనిక: కుడికాలువాడు, ఎడమకాలువాడు బావాబామ్మర్దులు కాకుండా చూసుకొనవలెను. ఒకసారి వారికి మాటలు లేక, మ.మ.-5 మూడు గంటలు ఉన్నచోటనే గిరగిర తిరిగినది. ఉపరకాలు: 5(ఎ) ఎండకాలము రకము, తలలో కూలరు. 5(బి) యుద్ధము లేనప్పుడు వరి కోయు రకము.’

“అన్నా!” అని సిద్దిరాములు పెట్టిన కేకకు సాంచలన్నీ ఆగాయి. “గిదేందే? సాంచల సంగతి రాయమంటే గీ రాక్షసుని సంగతి రాసినవేందే?”

“రాక్షసుడు గాదు. మర మనిషి.” పరశురాములు ముఖం చిన్నబోయింది. “ఇరవై రెండేండ్ల సంది రాస్తున్న. మన బార్డరు మీద పనికొస్తదని సర్కారు అడిగిందనుకున్న.”

ఆ మాటకు సిద్దిరాములు కోపం సగం చల్లారింది. మిగతా సగం భయంగా మారింది. లేనిదాన్ని ఉందని రాసి పంపారు. అడిగినదానికల్లా అవ్ అవ్ అన్నాడు. దొంగ కాగితం పెట్టారని తేలితే ఈ ఆర్డరే కాదు, ఇక ఏ ఆర్డరూ రాదు.

దారి చూపింది కమలవ్వే. “ఉన్నదన్నం గద, ఉన్నదనే చూపెడ్దాం. నిలవెట్టుడు మనతోని కాదు. పండవెడ్దాం. సర్వీసింగుల ఉన్నదని చెప్పున్రి.”

షెడ్డు వెనక ఆరు పాత సాంచల తుక్కు పడి ఉంది. టేపు పట్టి ఆకిట్లో అరవై అడుగులు కొలిచారు. నీళ్ళ ట్యాంకు తల అయింది. నూనె డ్రమ్ములు ఛాతీ అయ్యాయి. పొడుగు దూలాలు కాళ్ళయ్యాయి. పరశురాములు బొమ్మ చూసుకుంటూ ఒక్కో చక్రాన్ని దాని కీలు దగ్గరే పెట్టించాడు. ఇంత పరేషాన్‌లోనూ ఎడమ మోకాలు సరిగా లేదని రెండుసార్లు విప్పించాడు. అంతా అయ్యాక చూస్తే అచ్చం పాత ఇనుప సామానులాగానే ఉంది.

“కప్పున్రి,” అంది కమలవ్వ.

అప్పుడే సాంచల మీద నుంచి దించిన తెల్లబట్ట తానులు తెచ్చి, తల నుంచి కాళ్ళ దాకా పరిచారు. గాలికి లేవకుండా చుట్టూ రాళ్ళు పెట్టారు. ముగ్గురూ వెనక్కి జరిగి చూసుకున్నారు. తాము ఏం తయారుచేశారో ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. కానీ అప్పటికే రోడ్డు మీది చాయ్ హోటల్ గోపాల్ పూలదండతో వచ్చేస్తున్నాడు.

“ఎవలు పోయిన్రే సిద్దిరాములన్నా? గింత పొడుగు మనిషి మన దగ్గర ఎవలున్నరు?”

“పోలేదురా. పండుకున్నది.”

గోపాల్ కళ్ళు తుడుచుకొని ఆయన వీపు నిమిరాడు. “అందరికీ మొదాలు గట్లనే అనిపిస్తదన్నా. దిల్ గట్టిగ చేసుకో.”

సిద్దిరాములు తట్టుకోలేక పోతున్నాడని రోడ్డంతా పాకింది. అరగంటలో ఆకిట్లో ఎనభై మంది చేరారు. ఎవరో డప్పులను పిలిపించారు. ఎవరి బామ్మర్దో దుబాయి నుంచి వీడియో కాల్ చేసి ఆఖరి చూపు చూపెట్టమన్నాడు. ఫోను తల దగ్గర మొదలుపెట్టి కాళ్ళ దాకా నడిపించేసరికి అతని నెట్టు అయిపోయింది. బుచ్చవ్వ అనే ముసలావిడ ఏ చావుకు పోయినా పోయినవాళ్ళ పేరు అడగదు. కాళ్ళ దగ్గర కూలబడి రాగం ఎత్తుకుంది.

“ఏం తిని పెరిగితివి కొడుకో! నీ అంగీకి ఎన్ని గజాలు వట్టె కొడుకో!”

“ఎంత వయసుండె పాపం?” అని ఎవరో అడిగారు.

“ఇరవై రెండేండ్లు,” అన్నాడు పరశురాములు. ఆ మాట అనగానే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. అది చూసి మరో పదిమంది ఏడ్చారు.

సరిగ్గా మూడింటికి ఆఫీసు జీపు ఆగింది. ఓంప్రకాశ్ దిగి, జనాన్ని చూసి, అలవాటుగా చెప్పులు విడిచి చేతులు జోడించాడు. సిద్దిరాములు గోపాల్ వెనక్కి జరిగాడు. వంగి ఉంటది అన్నది తనే కదా, ఇప్పుడు ఏమని చెప్పాలి?

అందరినీ తోసుకుంటూ పరశురాములు ముందుకొచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో అతను అంత గట్టిగా మాట్లాడడం ఎవరూ వినలేదు. “సార్, గీళ్ళ తప్పేం లేదు. మ.మ. అంటే మర మనిషి అనుకొని నేనే ఇచ్చిన. బట్ట కింద ఉన్నది తుక్కు సార్. నా తలకాయల పుట్టిన ముచ్చటకు ముప్పై ఇండ్లు ఆగం కావద్దు. ఆర్డరు ఆపకున్రి. కావాల్నంటే మీ ముంగట్నే గీ బుక్కు కాలవెడ్త.”

డప్పులు ఆగిపోయాయి. బుచ్చవ్వ రాగం మధ్యలో ఆపి, “అయితే ఎవలు పోలేదా?” అని కోపంగా అడిగింది.

ఓంప్రకాశ్ నేరుగా షెడ్డులోకి నడిచాడు. ఇరవై నాలుగు సాంచలను వేలు పెట్టి లెక్కపెట్టాడు. వాటి ఎత్తు, వేగం కమలవ్వను అడిగి ఐదు నిమిషాల్లో రాసుకున్నాడు. బయటికి వచ్చి మ.మ.-5 మీద కప్పిన బట్ట అంచు రెండు వేళ్ళతో నలిపి చూశాడు. బాగుందన్నట్టు తల ఊపాడు.

“పరశురాములు గారూ, అది మగ్గం కాదని నాకు రెండో పేజీలనే తెల్సింది. ‘వంగి ఉంటది’ అన్నప్పుడు నవ్వు ఆపుకోలేక ఫోను బల్ల కింద పెట్టిన. మ.మ. అంటే మరమగ్గం అని చెప్పనీకె ఒక్క ఫోను చాలు. నేను అందుకు రాలే.”

“మరి ఎందుకొచ్చిన్రు సార్?” అన్నాడు సిద్దిరాములు, సగం ప్రాణంతో.

“పదకొండో పేజీ ఆఖర్ల, ‘ఇక గోదావరిలో మునిగిన మ.మ.-3 సంగతి చెప్పవలెనన్న, అది నిజానికి’ అని ఆగిపోయింది. పన్నెండో పేజీ పంపలే మీరు. పొద్దట్నుంచి ఒక్క ఫైలు ముట్టబుద్ది అయితలేదు.” ఆయన పరశురాములు వైపు తిరిగాడు. ఆఫీసరు ముఖం పోయి, కథ వినే పిల్లాడి ముఖం వచ్చింది. “తేలిందా, లేదా?”

పరశురాములు నోటుపుస్తకం గుండెకు హత్తుకున్నాడు. తన మర మనిషి గురించి ఇన్నేళ్ళలో ఒకరు అడగడం అదే మొదలు.

“తేల్లే సార్. లక్సెట్టిపేట రేవు కాడ్నే ఉన్నది. లోపల ఇద్దరున్నరు. ‘నువ్వు ముందు దిగు’ అంటే ‘నువ్వు ముందు దిగు’ అనుకుంట ఇంకా ఆన్నే కూసున్నరు.”

“బతికే ఉన్నరా?”

“ఉన్నరు సార్. చాయ్ అందించెటోడు మూడో రకంల లేకుండె. గా ఒక్కటే కష్టం.”

ఓంప్రకాశ్ పెద్ద ఊపిరి వదిలి, వచ్చి గోపాల్ తెచ్చిన కుర్చీలో కూర్చున్నాడు. మొదటి పేజీ నుంచి చదవమన్నాడు. ఊరకే పోవడమెందుకని జనం కూడా కింద కూర్చున్నారు. బుచ్చవ్వ మాత్రం తాను ఏడ్చిన ఏడుపు వృథా అయిందని సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

వారం తర్వాత ఆర్డరు కాగితం వచ్చింది. ఈసారి సిద్దిరాములు అద్దాలు పెట్టుకొని, అక్షరం వదలకుండా తానే చదువుకున్నాడు. ‘పనిచేయుచున్న మ.మ.లు’ అన్న గడిలో ఇరవై నాలుగు అని ఉంది. దాని కింద చేత్తో గీసిన కొత్త గడిలో ‘పండుకొని యున్నవి: ఒకటి’ అని రాసి, సీలు వేసి ఉంది.