ఎన్‌బిఎస్ మా ఇంటికి చేసిన మేలు

ఏడో క్లాసు పిల్లకి ఎన్‌బిఎస్ రాని ఇల్లు అసలు ఇల్లే కాదని నా గట్టి అభిప్రాయం!

అదేంటి అంటారా? పూర్తి పేరు ఎన్-బ్రోమోసక్సినిమైడ్. తెల్లటి పొడి. ఏ పదార్థానికైనా బ్రోమిన్ అంటించాలంటే ఇది కావాలట. ఇంటర్ మధ్యలో చదువు ఆగిపోయిన నా నోట ఇంత పేరు పలుకుతోందంటే మా అమ్మాయి షారోన్ చలవే. తెనాలిలో ఐఐటి ఫౌండేషన్ బ్యాచిలో ఉంది. డిగ్రీ పాఠాలు ఏడులోనే అయిపోతే, డిగ్రీకొచ్చాక పిల్ల హాయిగా నిద్రపోవచ్చు కదా!

ఉత్త బ్రోమిన్ మొరటుదండి. రెండు కార్బన్ల మధ్య డబుల్ బాండ్ కనపడితే తెంచేస్తుంది. ఎన్‌బిఎస్ అలా కాదు. ఆ బాండ్ జోలికి పోకుండా పక్క కార్బన్ మీద బ్రోమిన్ పెట్టి తప్పుకుంటుంది. రేపల్లెలో మా ఆడపడుచు స్వర్ణలతగారూ అంతే. మొగుడూ పెళ్లాల మధ్య వేలు పెట్టరు. పక్కనున్న మా అత్తగారి చెవిలో ఒక మాట వేసి బస్సెక్కుతారు. కెమిస్ట్రీ తెలిశాకే ఆవిడ నాకు అర్థమయ్యారు.

పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. నేను ఒప్పజెప్పించుకోవడానికి వీలుగా షారోన్ తెలుగు చేసి మరీ బట్టీ పట్టింది. అవతలి ఆదివారం బాపట్లలో మా పెద్దమ్మ జ్ఞానమ్మ ఇంట్లో కృతజ్ఞత కూడిక జరిగింది. అక్కడ పిల్లలు ఒక్కొక్కరే లేచి బైబిల్ వాక్యం కంఠతా చెప్పాలి. షారోన్ లేచి, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుంది.

"దానిని చల్లని చోట, చీకటిలో, మూత బిగించి భద్రపరచవలెను. వెలుగు తగిలినప్పుడే చర్య ఆరంభమగును."

అందరూ ఆమేన్ అన్నారు. పెద్దమ్మ నన్ను వంటింట్లోకి లాగింది. "ఏ అధ్యాయంలోదే అమ్మాయ్ అది? నేనెప్పుడూ చదవలేదు."

ఈ సంగతి చెబితే కోచింగ్ రమేష్ బాబు సార్ ఎంత మురిసిపోయారో! ఇలాంటి పిల్ల ఇంట్లో ఉండకూడదని, వచ్చే సోమవారమే రెసిడెన్షియల్‌లో చేర్చమని, మా ఇద్దర్నీ తీసుకెళ్లి చూపించారు. రేపల్లె దారిలో మూడంతస్తుల బిల్డింగు. కిటికీలన్నిటికీ బయట ర్యాంకర్ల ఫ్లెక్సీ కట్టేశారు. లోపల పగలే ట్యూబ్‌లైట్లు. బయటికి చూస్తే కాన్సంట్రేషన్ పోతుందట.

చల్లగా ఉంది, లైట్లు ఆర్పితే చీకటే, గేటుకి తాళముంది. భద్రపరచడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఒక్క అనుమానమే అడిగాను.

"మూత ఎప్పుడు తీస్తారండీ?"

"ఇంటర్ అయ్యాకమ్మా" అన్నారు సార్.

తిరుగు బస్సులో షారోన్ కిటికీ పక్క సీటు వదల్లేదు. ఎక్కువ కాలం సీసాలో ఉండిపోతే ఆ తెల్లటి పొడి రంగు మారి పాడవుతుందని అప్పుడే చెప్పింది. పరీక్షలో ఆ ప్రశ్న రాదట.

ఇవాళ సోమవారం. సార్ చేస్తున్న ఫోన్ మోగుతూనే ఉంది. షారోన్ డాబా మీద, ఎండలో, పక్కింటి ప్రసూనతో తొక్కుడుబిళ్ల ఆడుతోంది.

చర్య ఆరంభమైనట్టే ఉందండి.