ఎనిమిది వందల వాట్ల తోఫు బండి

నాగరికత అంటే పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న అంకెను గౌరవించడం. తైవాన్‌లోని తైనాన్‌లో వీధి బండ్ల మైకులను తనిఖీ చేసే ధ్వని సామరస్య కార్యాలయం (అక్కడ ఎవరికీ ఎవరితో మాటల్లేవు) ఈ సిద్ధాంతం మీదే నిలబడి ఉంది.

సోయా పాలు విరిచి చేసే తీపి తోఫు అమ్మే జ్వాంగ్ షూ-యిన్ ఒక ఉదయం తన చిన్న వ్యానుతో అక్కడికి వెళ్ళింది. ఆమెకు కావలసిందల్లా ఒక్క అనుమతి ముద్ర. మైకులో "తోఫు వచ్చిందమ్మా, అల్లం పాకంతో తోఫు" అని వినబడితేనే ముసలమ్మలు గిన్నెలు పట్టుకుని మేడలు దిగుతారు. వినబడకపోతే సాయంత్రానికి తోఫు పులిసిపోతుంది, ఆ రోజు కష్టం మురిక్కాలువ పాలవుతుంది.

తనిఖీ అధికారి షియే స్పీకరు చుట్టూ ప్రదక్షిణ చేశాడు. దాని ముందు బంగారు రంగులో 800 వాట్లు అని ఉంది. వెనకాల, చీమలు చదువుకునేంత అక్షరాల్లో, నిలకడగా మోసేది 80 అని ఉంది. షూ-యిన్ పెట్టుకున్న ఆంప్లిఫయరు ఎనభైదే.

"ఏందక్కా ఇది? ఏనుక్కి చెంచాతో మేత పెడతన్నావా?"

"ఎనిమిది వందలనేది ఒక్క క్షణం తట్టుకునే లెక్కంట సార్. రోజంతా మోగాలంటే ఎనభైయే పెట్టమన్నాడు బిగించినాయన. మించితే లోపల తీగ మాడిపోద్దంట."

"బిగించినాయన దగ్గర ముద్రుందా? నా దగ్గరుంది."

ముద్ర కావలసింది ఆమెకే. పైగా చిలగడదుంపలమ్మే లియావ్ బండి మోత ఈమధ్య ఆమె పిలుపును మింగేస్తోంది. ఎనిమిది వందలతో వాడి నోరు మూయించవచ్చు కదా అని ఆమె మనసూ జారింది. పక్క గదిలోని అంగడి నుంచి (కార్యాలయం అనుమతించిన అంగడి అదొక్కటే) ఎనిమిది వందల ఆంప్లిఫయరు తెచ్చి బిగించారు.

ఇక మిగిలింది అసలైన భద్రతా పరీక్ష. అక్కడి వాళ్ళ నమ్మకం ప్రకారం, యంత్రం బుద్ధిగా ఉండాలంటే దాని మీద పచ్చరంగు చిరుతిండి ప్యాకెట్టు ఉండాలి. (పసుపుది పెడితే యంత్రం అలుగుతుంది. విప్పి తింటే పగబడుతుంది.) షూ-యిన్ తన ప్యాకెట్టు పెట్టింది. షియే భూతద్దంతో రంగు చూసి, చేతులు జోడించి, మీట చివరిదాకా తిప్పాడు.

"తోఫు వచ్చిం..." అంది స్పీకరు. మిగతా మాట పొగగా వచ్చింది.

"అయ్యో, నా గొంతు!" అని షూ-యిన్ చతికిలబడింది.

వెంటనే విచారణ సంఘం కూర్చుంది. (షియే కూర్చున్నాడు.) పెద్ద అంకెకు పెద్ద అంకే పెట్టారు కనుక వాట్లలో దోషం లేదని తేలింది. తర్వాత ప్యాకెట్టు తిప్పి చూశారు.

"నిన్నటితోనే గడువైపోయింది కదక్కా! పాచి తిండి పెట్టి పని చెయ్యమంటే ఏ యంత్రం ఊరుకుంటది?"

షూ-యిన్ సిగ్గుతో తల దించుకుంది. అవును, తేదీ చూసుకోకపోవడం తన తప్పే.

"మరి నా ముద్ర, సార్?"

"దానికేం, ఏసేస్తా. శబ్దమే రాదాయె! ఊరు మొత్తం మీద నీ బండంత బుద్ధిమంతురాలు లేదు."

ముద్రతోపాటు, గట్టి అట్ట మీద అచ్చేసిన 'ప్రశాంత వాహనం' ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. ఆ రోజంతా ఆమె సొంత గొంతు చించుకుని సందులన్నీ తిరిగింది. ముసలమ్మలు దిగారు, లియావ్ దగ్గర చిలగడదుంపలు కొనుక్కుని ఎక్కేశారు. సాయంత్రం తోఫు గిన్నె నిండుగానే మిగిలింది. ఈగలు ముసరకుండా షూ-యిన్ ఆ ప్రశంసాపత్రాన్ని దాని మీద మూతగా పెట్టింది. కొలత సరిగ్గా సరిపోయింది.