మండలివారి కత్తెర

మానవజాతి నిప్పును కనుక్కున్నది అన్నం వండుకోవడానికే తప్ప కత్తెరలు కాల్చడానికి కాదని పుష్పారోగ్య మండలి ఏనాడో తేల్చేసింది. (ఎవరూ అడగలేదు. అడగనివి తేల్చడమే మండలి పని.)

ఈ సంగతి పూలపిన్నికి తెలియదు. వీధంతా ఆమెను అలాగే పిలుస్తుంది. ఇంటి వెనక వలపందిరి కింద ఆర్కిడ్లు పెంచి, పిలకలు విడదీసి అమ్ముకుని బతుకుతుంది. వాటన్నిటికీ మూలం ఒక తల్లిమొక్క, పోయిన అక్క పెంచి ఇచ్చింది. ఆర్కిడ్లకు సోకే మొజాయిక్ వైరస్‌కు మందు లేదు. జబ్బు మొక్కను కోసిన కత్తెరతో మంచి మొక్కను కోస్తే చాలు, అంటుకుంటుంది. అందుకే పిన్ని ప్రతి మొక్క దగ్గరా కత్తెరను మంటలో కాల్చి గానీ కొయ్యదు. దేవుడే దిగివచ్చి అడిగినా ఆ కత్తెర అరువివ్వదు.

ఇంతలో మండలి కొత్త రూలు తెచ్చింది. ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్క అమ్మితే పందిరికి తాళం. పిన్ని ఏం చేస్తుంది పాపం, దరఖాస్తు పెట్టుకుంది.

తనిఖీ అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విప్పాడు. (ఈ వైరస్ చెప్పులతో రాదు.) పక్క వీధి పెద్ద నర్సరీలో సగం మొక్కలకు ఇదే తెగులని, పొద్దుటినుంచీ అక్కడ ఆకులు కోసి కోసి చెయ్యి పీకుతోందని వాపోతూ సంచిలోంచి కత్తెర తీశాడు.

"బాబూ, ఒక్క నిమిషం ఆగు. దాన్ని కాస్త మంటలో పెట్టి ఇస్తాను" అంది పిన్ని.

ఆమె మాట అక్షరాలా నిజమని అధికారి ఒప్పుకున్నాడు. దాని మీద ఆయన ఉపన్యాసాలు కూడా ఇస్తాడట. కాకపోతే ఇది మండలి కత్తెర. కాలిస్తే మండలి ఆస్తికి నష్టం కలిగించినట్టు. కడగాలంటే సామగ్రి విభాగమే కడగాలి. అక్కడికి పంపితే అది తిరిగొచ్చేదాకా తనిఖీలు ఆగిపోతాయి, తనిఖీలు ఆగితే తెగులు ఊరంతా పాకుతుంది. పోనీ నా కత్తెరతో కొయ్యమంది పిన్ని. సొంత కత్తెరతో కోసినదాన్ని ప్రయోగశాల ఆకుగా గుర్తించదని ఆయన జాలిగా చెప్పాడు.

పొమ్మంటే పత్రం రాదు, పత్రం లేకపోతే పొయ్యి వెలగదు. పిన్ని పక్కకు తప్పుకుంది. అధికారి మొక్క మొక్కకీ ఒక ఆకుముక్క కోసుకున్నాడు, తల్లిమొక్కను కూడా వదల్లేదు. పోతూ పోతూ మొక్కలు కళకళలాడుతున్నాయని మెచ్చుకున్నాడు.

ఫలితం ఇంకా రాకముందే ఆకుల మీద నల్లమచ్చలు లేచాయి. పిన్ని తనే వెళ్లి మండలికి చెప్పుకుంది. (నిజాయితీ ఒక్కదానికే అక్కడ దరఖాస్తు అక్కర్లేదు.) మండలి ఆగమేఘాల మీద కదిలింది. మళ్లీ పరీక్ష, వైరస్ నిర్ధారణ, మొక్కలన్నీ కాల్చెయ్యమని ఉత్తర్వు, అన్నీ ఒక్క వారంలో అయిపోయాయి. మొక్కలు కాల్చడానికి ఏ విభాగం అనుమతీ అక్కర్లేదని అధికారి ధైర్యం చెప్పాడు. తల్లిమొక్కను పిన్ని తన చేత్తోనే మంటలో పెట్టింది. అక్క పోయిననాడు కూడా ఆమె అంతలా ఏడవలేదు.

తర్వాత మండలికి వెళ్లి, కత్తెర సంగతి తేల్చందే కదలనని కూర్చుంది. పెద్దాఫీసరు ఓపిగ్గా విన్నాడు. కత్తెర మొక్క కాదు గనక దానికి తెగులు రాదన్నాడు. అసలు జబ్బు ఆమె పందిట్లో ముందునుంచే లేదని ఏమిటి నమ్మకమని అడిగాడు. అంతలో గుమస్తా మొదటి తనిఖీ ఫలితం పట్టుకొచ్చి బల్లమీద పెట్టాడు. పెద్దాఫీసరు చదివాడు. ముఖం వెలిగిపోగా లేచి నిలబడి, రెండు చేతులతో ఆమెకు అందించాడు.

"అనవసరంగా కంగారుపడ్డారమ్మా. మా కత్తెర వచ్చిన రోజున మీ మొక్కల్లో ఒక్కదానికీ జబ్బు లేదు. ఇక హాయిగా అమ్ముకోండి."