గోతి దగ్గర మొదలైన కథ

పశువుల డాక్టరు గారి తమ్ముడు ఆ ఉదయం అందరికంటే ముందే లేచి, సుత్తీ మేకులూ పట్టుకుని అక్క ఆసుపత్రికి బయలుదేరాడు. ఫోటో స్టూడియో మూసేసి అక్క ఇంట్లో చేరిన నాటి నుంచి అతనికి ముద్ద గొంతు దిగడం కష్టంగా ఉంది. అక్క ఒక్క మాట అనదు. పైగా "ఇంకాస్త వడ్డించనా?" అంటుంది. అతన్ని కుంగదీసేది ఆ మాటే. ఆమె కొత్తగా పెట్టిన ఆసుపత్రికి వచ్చేవాళ్ళు అంతంతమాత్రం. ఏదో ఒక విధంగా ఆమెకు పనికిరావాలి.

ఎలాగో ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. రోడ్డు పక్కన పైపుల కోసం తవ్విన గోతిలో పడి చావుబతుకుల్లో ఉన్న ఒక కుక్కను అక్క బతికించింది. ఇప్పుడది బేకరీ ఆయన దగ్గర బొద్దుగా పెరుగుతోంది. ఆ కథంతా అతను ఫోటోలు తీశాడు, ఇప్పుడవి ఆసుపత్రి గోడకెక్కాలి. కుక్కను పైకి తీశాక మిగిలిన గొయ్యి, ఎముకల గూడులాంటి కుక్క, ఒంటినిండా కట్లతో కుక్క, తూలుతూ నిలబడ్డ కుక్క, చివరికి బేకరీ ముందు నాలుక వేలాడేసుకుని పరుగెడుతున్న కుక్క.

"కింద ఒక్కో ముక్క రాయరాదూ," అంది అక్క కోటు తొడుక్కుంటూ.

"ఫోటో అంటే తానే మాట్లాడాలక్కా. కింద రాశామంటే తీసినవాడికి చేతకాలేదని అర్థం."

అక్క వెనక గదిలోకి వెళ్ళిపోయింది. స్టూలు ఆమె గది తలుపు పక్కనే ఉంది కాబట్టి అతను అక్కడే మొదలుపెట్టాడు. గోతిని అక్కడ తగిలించి, మిగతావి వరసగా వీధి తలుపు దాకా తెచ్చాడు. జనం వీధి తలుపులోంచి లోపలికి వస్తారన్న సంగతి అతని బుర్రకు తట్టలేదు.

మొదట కుందేలును చంకలో పెట్టుకుని దర్జీ వచ్చాడు. పరుగెడుతున్న కుక్కను చూసి నవ్వాడు. రెండో ఫోటో దగ్గర నవ్వు తగ్గింది. కట్ల దగ్గర కుందేలు కళ్ళు మూశాడు. గోతి దగ్గరకు వచ్చేసరికి, "ఇస్త్రీపెట్టె ఆపానో లేదో," అని గొణుక్కుంటూ వెనక్కి తిరిగాడు.

తర్వాత చిలక పంజరంతో ఒక మామ్మగారు వచ్చింది. గోడ పొడుగునా మెల్లగా నడిచి, గొయ్యి ముందు ఆగి, కళ్ళద్దాలు తీసి కళ్ళు ఒత్తుకుంది. తమ్ముడి గుండె ఉప్పొంగింది. అతను తీసిన పెళ్ళి ఆల్బములు చూసి ఏడ్చినవాళ్ళు ఉన్నారు గానీ, ఆ ఏడుపు వేరు.

"దీన్ని ఎవరు చూశారు నాయనా?"

"మా అక్కేనండీ. అంతా ఆవిడ చేతుల మీదే జరిగింది."

"బాగా బాధపడిందా?"

"మొదట్లో పడిందండీ. ఇప్పుడు ఏ బాధా లేదు. చాలా మంచి చోట ఉంది."

"మరి ఇవన్నీ ఇలా గోడకు పెట్టడమెందుకు?"

"నలుగురికీ తెలియాలి కదండీ, ఆవిడ హస్తవాసి ఎలాంటిదో."

మామ్మగారు అతని తల నిమిరి, చిలకతో సహా వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి బేకరీ ఆయన పిండి చేతులతో పరుగెత్తుకొచ్చాడు. గోళ్ళు కత్తిరించడం కోసం పొద్దున్నే, ఇంకా ఫోటోలు తగిలించకముందే, కుక్కను ఆసుపత్రిలో వదిలి వెళ్ళాడాయన.

"నా కుక్క పోయిందని వీధంతా చెప్పుకుంటున్నారు. గోళ్ళు తీస్తే పోతుందా అండీ?"

అక్క వెనక గదిలోంచి కుక్కను తెచ్చింది. అది ఆయన చేతులకున్న పిండిని శుభ్రంగా నాకింది. ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. అక్క వీధి తలుపు దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఒక్కో ఫోటో చూసుకుంటూ తన గది దాకా వచ్చింది. చివర కాసేపు నిలబడింది.

"గొయ్యి బాగా వచ్చిందిరా," అంది.

తమ్ముడికి అందులోనే దూకాలనిపించింది. మామ్మగారితో తను అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొస్తుంటే చెవులు కాలిపోయాయి. ఫోటోలన్నీ పీకి వరస మార్చి తగిలించాడు. ఆ పూట అక్క వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. రేపు ఇంటింటికీ వెళ్ళి నిజం చెప్పి, ఆ తర్వాత ఎటైనా పోవాలని నిశ్చయించుకున్నాడు.

మర్నాడు ఇంటింటికీ వెళ్ళే అవసరం కలగలేదు. తలుపు తీసేసరికి కుక్కలు, పిల్లులు, ఒక మేక, వాటి మనుషులు, అందరూ మెట్ల మీదే ఉన్నారు. ముందు వరసలో చిలకతో మామ్మగారు, పక్కన కుందేలుతో దర్జీ.

"తన చేతిలో పోయిన ప్రాణాన్ని గోడకు తగిలించుకున్న డాక్టర్ని నేనెక్కడా చూడలేదమ్మా," అంది మామ్మగారు అక్కతో. "మిగతావాళ్ళు దాచేస్తారు. రాత్రంతా ఆలోచించాను. నా చిలకను చూపిస్తే మీకే చూపించాలి. అందరికీ అదే చెప్పాను."

తమ్ముడు స్టూలెక్కాడు. "తప్పు నాదండీ. ఫోటోలు చివరి నుంచి మొదటికి తగిలించాను. ఆ కుక్క చావలేదు. బేకరీలో ఉంది, వెళ్ళి చూసుకోండి."

మెట్ల మీద ఒకరిద్దరు జాలిగా తలలూపారు.

"బేకరీ ఆయన అదే రంగుది ఇంకోటి తెచ్చుకున్నాడులే, పాపం," అన్నాడు దర్జీ మెల్లగా.

మామ్మగారు మళ్ళీ కళ్ళద్దాలు తీసింది. "అక్క మీద మాట పడకూడదని తప్పంతా తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఈ రోజుల్లో ఇలాంటి తమ్ముడు ఎవరికున్నాడు?"

వెనక ఎవరో ముక్కు చీదారు. ఇంకొకావిడ పక్కింటి వాళ్ళ పిల్లిని కూడా తీసుకొస్తానని వెళ్ళింది. తమ్ముడు తల దించుకుని స్టూలు దిగాడు. నిన్నటి సిగ్గుకు కనీసం ఒక కారణం ఉంది. ఈ పొగడ్తలు మోస్తూ ఎవరి ముఖం చూడాలో అతనికి తెలియలేదు.

అక్క చిలకను చేతిలోకి తీసుకుని, తలెత్తకుండానే అంది: "ఇంకోసారి నిజం చెప్పకురా, కూర్చోబెట్టడానికి బెంచీలు లేవు."